మనిషివేనా అని అడగని ఫారం

పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో రాసిన ఫారంకి క్యాప్చా తగిలించడం పెద్ద పనేమీ కాదు. పిప్‌తో ఒక ప్యాకేజీ దించుకుని, సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితాకి దాని పేరు చేర్చి, ఒక యూఆర్ఎల్ జతచేసి, మైగ్రేట్ చేసి, ఫారం క్లాసులో ఒక ఫీల్డ్ కలిపితే చాలు, వంకర అక్షరాల బొమ్మ వచ్చి సబ్మిట్ బటన్ పైన కూర్చుంటుంది. ఫ్లాస్క్ వాడేవాళ్ళకి ఇంకా సుఖం. ఫ్లాస్క్-డబ్ల్యూటీఎఫ్‌లో గూగుల్ రీక్యాప్చా ఫీల్డ్ ముందే ఉంటుంది. టీ చల్లారేలోపు అయిపోయే పని. అంత తేలికైన పనిని నేను ఎందుకు చేయనన్నానో మా మాస్టారికి చెప్పడానికి మాత్రం చాలా టీలే పట్టాయి.

మాస్టారంటే తెనాలిలో ఒక చిన్న సాహిత్య సంస్థకి కార్యదర్శి. తెలుగు పండితుడిగా రిటైరయ్యారు. ఆ సంస్థ ఏటా కథల పోటీ పెడుతుంది. వివరాలు అడగడానికో, హామీపత్రం జతచేసి కథ పంపడానికో వెబ్‌సైట్లో ఒక ఫారం ఉంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఆ సైట్ బాగోగులు చూడటం నా పని. జీతం, ఏటా సభలో ఒక శాలువా. ఫారంలో ఎవరేం రాసినా అది మెయిలై మాస్టారి ఫోన్లో వాలుతుంది. మొదట్లో కథకుల ఉత్తరాలే వచ్చేవి. తర్వాత్తర్వాత రష్యన్‌లో అప్పులిస్తామనేవాళ్ళు, మీ సైట్‌ని గూగుల్‌లో మొదటి పేజీకి తెస్తామనేవాళ్ళు, అన్నయ్య చెబితే మీ సైట్ చూశానంటూ మొదలుపెట్టి మూడో వాక్యానికల్లా నకిలీ వాచీల దుకాణానికి తీసుకెళ్ళేవాళ్ళు మొదలయ్యారు. మాస్టారు మర్యాదస్థులు. అప్పిస్తామన్న ఒకరికి, ప్రస్తుతం సంస్థకు ఆ అవసరం లేదని, అడిగినందుకు కృతజ్ఞతలని జవాబు కూడా రాశారు. దాంతో ఉత్తరాలు రెట్టింపయ్యాయి.

"ఏమ్మా, అన్ని సైట్లలోనూ ఉంటుందే, ఆ వంకర అక్షరాల పరీక్ష, అది మనకీ పెట్టకూడదూ? అది ఉంటే చూడ్డానికి కాస్త గవర్నమెంటు సైటులా కూడా ఉంటుంది" అన్నారు.

ఆ రెండో మాటలో లోకజ్ఞానం ఉంది. మన దగ్గర క్యాప్చాకి ఒక హోదా వచ్చేసింది. అది లేని ఫారం చూస్తే, ఇదేదో ఉత్తుత్తి సైటేమో అని జనానికే అనుమానం. నిజానికి కొన్నిచోట్ల అది హోదా కోసమే ఉంటుంది కూడా. ఉదాహరణకి రీక్యాప్చాలో మనం టిక్కు పెట్టగానే గూగుల్ పేజీకి ఒక టోకెన్ ఇస్తుంది. ఫారంతోపాటు ఆ టోకెన్ సర్వర్‌కి వస్తుంది. సర్వర్ దాన్ని తన రహస్య కీతో కలిపి తిరిగి గూగుల్‌కి పంపి, ఇది నువ్విచ్చిందేనా అని అడగాలి. టోకెన్ చెల్లేది రెండు నిమిషాలు, అదీ ఒక్కసారి. ఈ అడిగే మెట్టు రాయకుండా వదిలేసిన కోడ్ ఈ వృత్తిలో అప్పుడప్పుడు ఎదురవుతూనే ఉంటుంది. అలాంటి చోట మనుషులు బుద్ధిగా బస్సుల బొమ్మలు ఏరుతుంటారు. బాట్ అనే ప్రోగ్రామేమో ఆ పేజీ ముఖమే చూడకుండా నేరుగా సర్వర్‌కి పోస్ట్ చేసి తన దారిన తాను పోతుంది.

సరిగ్గా రాసిన క్యాప్చా సంగతేమిటి? అక్కడికే వస్తున్నా.

1997లో ఆల్టావిస్టా సెర్చ్ ఇంజన్‌కి ఈ బెడద వచ్చింది. కొత్త వెబ్ చిరునామాలు చేర్చమని పెట్టిన ఫారంలోకి ప్రోగ్రాములు లింకులు గుమ్మరిస్తుంటే, ఆండ్రీ బ్రోడర్ బృందం అక్షరాలను వంకర తిప్పి బొమ్మగా చూపించే ఉపాయం కనిపెట్టింది. 2000 నాటికి యాహూ చాట్ రూముల్లోనూ ఇదే గొడవ. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మాన్యుయెల్ బ్లమ్, ఆయన విద్యార్థి లూయిస్ వాన్ ఆన్, మరికొందరు ఆ సమస్య పట్టుకుని, తమ పరీక్షకి క్యాప్చా అని పేరు పెట్టారు. ఆ పొడి అక్షరాల్లో ఒకటి అలన్ ట్యూరింగ్‌ది. ఆయన 1950లో ఊహించిన ఆటలో, కనపడకుండా జవాబులిస్తున్నది మనిషో యంత్రమో ఒక మనిషి ప్రశ్నలడిగి తేల్చాలి. క్యాప్చాలో ప్రశ్నలడిగేది యంత్రం. రుజువు చేసుకోవాల్సింది మనం.

వాన్ ఆన్‌కి కొన్నాళ్ళకి ఒక బాధ పట్టుకుంది. తన వల్ల లోకమంతా రోజూ తలా పది సెకన్లు వృథా చేస్తోందే అని. ఆ సెకన్లను పనికి పెడదామని 2007లో రీక్యాప్చా మొదలుపెట్టాడు. పాత పత్రికలు, పుస్తకాలు స్కాన్ చేసినప్పుడు కంప్యూటర్‌కి అందని మాటలను మనచేత చదివించాడు. న్యూయార్క్ టైమ్స్ పాత సంచికలు అలాగే డిజిటల్ అయ్యాయి. 2009లో గూగుల్ దాన్ని కొనేసి, తర్వాత వీధి ఫోటోల్లోని ఇంటి నంబర్లు కూడా మనచేతే చదివించింది. చదివి చదివి యంత్రాలకి చదువొచ్చింది. ఎంత కష్టమైన వంకర అక్షరాలనైనా తన సాఫ్ట్‌వేర్ 99.8 శాతం సరిగ్గా చదవగలుగుతోందని 2014లో గూగులే చెప్పుకుంది. ఆ ఏడాది డిసెంబరులోనే "నేను రోబోను కాను" అనే చిన్న గడి వచ్చింది. 2018లో వచ్చిన మూడో రకంలో ఆ గడి కూడా లేదు. మన కదలికలను చాటుగా గమనించి సున్నా నుంచి ఒకటి దాకా మార్కు వేస్తుంది. ఎందుకంత వేసిందో మనకి చెప్పదు.

ఈ పరీక్షలో తప్పేదెవరో మా ఫారం దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. మాకు కథలు పంపేవాళ్ళలో చాలామంది అరవై దాటినవాళ్ళు. ఫోన్ తెర మీద వేలితో తెలుగు రాసి, అది అక్షరాలుగా మారేదాకా ఓపిగ్గా చూసేవాళ్ళు. ఫారం మొత్తం తెలుగులో పెట్టి, చివర్లో మాత్రం ఇంగ్లిషు పెద్ద బడి, చిన్న బడి అక్షరాలు కలిపి అడ్డగీతలు గీసి ఇందులో ఏముందో రాయమంటే, వాళ్ళు చేతకానివాళ్ళలా వెనక్కి పోవాలి. బొమ్మల రకం పెడితే ఇంకో తమాషా. అమెరికా వీధుల్లో ఫుట్‌పాత్ పక్కన పొట్టిగా ఉండే ఫైర్ హైడ్రెంట్లు ఏరమంటుంది. తెనాలిలో దాన్ని చూసినవాళ్ళెవరు? ట్రాఫిక్ లైటు బొమ్మలో దాని స్తంభం కూడా లైటు కిందికే వస్తుందా అనే మీమాంసలో పడి సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లే ఓడిపోతుంటారు.

మా పోటీకి ప్రతిసారీ కథ పంపే ఒకాయనకి చూపు లేదు. ఫోన్లో టాక్‌బ్యాక్ పెట్టుకుని, అది తెర మీదున్నదంతా పైకి చదువుతుంటే విని, చెప్పి రాయించుకుంటారు. ఆయన దగ్గర వంకర అక్షరాల బొమ్మకి అర్థం లేదు. వినిపించే క్యాప్చా ఉంటుంది కదా అంటారు కొందరు. హోరులో కలిపేసిన ఇంగ్లిషు మాటలవి. టాక్‌బ్యాక్ గొంతూ ఆ గొంతూ ఒకదాని మీద ఒకటి పడుతుంటే నాకే అర్థం కాలేదు. వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ, క్యాప్చా వికలాంగులను తలుపు బయటే నిలబెడుతోందని 2005లోనే ఒక పత్రం వెలువరించింది. ఇన్నేళ్ళూ ఆ పత్రం అక్కడే ఉంది, క్యాప్చాలూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

మరి ఇందులో గట్టెక్కేదెవరు? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్ పరిశోధకులు 1,400 మందిచేత రకరకాల క్యాప్చాలు చేయించి 2023లో ఫలితాలు ప్రకటించారు. మనుషులకన్నా బాట్లే వాటిని వేగంగానూ, తప్పులు తక్కువగానూ చేస్తున్నాయని తేలింది. బాట్‌కి చేతకాని చోట దాని యజమానికి ఇంకో దారి ఉంది, మనుషులను కూలికి పెట్టుకోవడం. శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు 2010లో ఈ బజారుని పరిశీలించారు. వెయ్యి క్యాప్చాలు చేసిపెట్టడానికి ఒక్క డాలరుకి కూడా సేవ దొరుకుతోందని రాశారు. అందులో టైపు చేసిన చేతికి ముట్టేది ఇంకా తక్కువ. ఈ కూలి మనకి కొత్తేం కాదు. "ఇంట్లో కూర్చుని క్యాప్చా టైపింగ్, నెలకి ఇంత" అనే కాగితాలు అమీర్‌పేట గోడల మీదా, కరెంటు స్తంభాల మీదా చూడనివాళ్ళు తక్కువ. వాటిలో చాలావాటికి అసలు పనే ఉండదు. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టించుకుంటారు, నెల తిరిగేసరికి తప్పులు ఎక్కువ చేశావని జీతం ఎగ్గొడతారు, గట్టిగా అడిగితే అగ్రిమెంటు ఉల్లంఘించావని లాయరు నోటీసు పంపుతారు. పని నిజంగా ఉన్న చోటేమో, ఒక మనిషి రాత్రంతా మేలుకుని, తాను మనిషినని వేలసార్లు రుజువు చేసి, ఆ రుజువుని యంత్రానికి అమ్ముకుంటాడు. మనిషో కాదో తేల్చే పరీక్ష అతన్ని ప్రతిసారీ పాస్ చేస్తుంది. చేయాలి కూడా.

ఇంకో ఉదంతం ఉంది. జీపీటీ-4 విడుదల చేసినప్పుడు, 2023 మార్చిలో, ఓపెన్‌ఏఐ ఇచ్చిన నివేదికలోనిది. ప్రయోగంలో భాగంగా ఆ మోడల్, చిన్నచిన్న పనులకు మనుషులను కుదిర్చే టాస్క్‌రాబిట్‌లో ఒకరిని క్యాప్చా చేసిపెట్టమని అడిగింది. నువ్వు రోబోవా ఏమిటి, ఈ మాత్రం చేసుకోలేవా అని అవతలి మనిషి నవ్వాడు. కాదు, నాకు చూపు సరిగా లేదు, అందుకే బొమ్మలు కనపడవు అని మోడల్ బొంకింది. అతను చేసిపెట్టాడు. నిజంగా చూపు లేని మా కథకుడు తలుపు బయట ఉండిపోయే చోట, చూపు లేదని చెప్పి యంత్రం లోపలికి పోయింది. ఇది చెప్పినప్పుడు మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, సరే, మరేం చేద్దామన్నారు.

నేను చెప్పదలచుకున్నదల్లా ఇదే. మన ప్రశ్నే తప్పు. మన పెళ్ళిళ్ళలో పందిరి ముందు ఎవర్నీ ఆపి, నువ్వు ఎవరి తరఫు, చుట్టరికం రుజువు చూపించు అని అడగరు. పన్నీరు చల్లి లోపలికి పంపుతారు. కానీ బంతి దగ్గర వడ్డన చూసుకునే బాబాయి ఒకాయన ఉంటాడు. ఇప్పుడే తిని లేచి మళ్ళీ ఇంకో వరసలో కూర్చున్నవాడిని, లడ్డూలు జేబులో వేసుకునేవాడిని ఆయన కన్ను పట్టేస్తుంది. పిలవని పేరంటానికి వచ్చినా బుద్ధిగా తిని వెళ్ళేవాడి జోలికి పోడు. మా ఫారానికి కావాల్సింది ఆ బాబాయి. వచ్చినవాడి జాతి ఏదైతేనేం, వాడు ఇక్కడ ఏం చేస్తున్నాడో చూడాలి.

జాంగోలో ఆ బాబాయి ఉద్యోగానికి కొత్త ప్యాకేజీలేం అక్కర్లేదు. చాలామంది కుర్రవాళ్ళు సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ ఉందిగా, బాట్ ఎలా వస్తుంది అంటారు. ఆ టోకెన్ పని వేరు. మీరు ఒక సైట్లో లాగినై ఉండగా ఇంకో సైట్ మీ పేరు మీద అక్కడ ఫారం పంపకుండా అడ్డుకుంటుంది. బాట్‌కి ఎవరి పేరూ అక్కర్లేదు. పేజీ తెరిచి, కుకీ తీసుకుని, టోకెన్ చదువుకుని, రెండూ కలిపి బుద్ధిగా తిరిగి పంపుతుంది. అందులో చట్టవిరుద్ధం ఏమీ లేదన్నట్టు జాంగో దాన్ని లోపలికి రానిస్తుంది.

మొదట పెట్టింది హనీపాట్. మనిషి కంటికి కనపడని ఒక గడి. బాట్ పేజీని కళ్ళతో చూడదు, హెచ్‌టీఎంఎల్ చదువుతుంది. కనపడ్డ ప్రతి గడీ నింపుతుంది. గడి నిండితే అనుమానం. ఇంతే సూత్రం, కానీ పనితనమంతా వివరాల్లో ఉంది. గడిని పూర్తిగా దాచేసే సీఎస్ఎస్ మాట రాస్తే కొన్ని బాట్లు కనిపెట్టేస్తాయి, అందుకని తెర అంచు అవతలికి జరపాలి. అలా జరిపితే టాక్‌బ్యాక్ దాన్ని పైకి చదువుతుంది, మన కథకుడు పాపం నింపేస్తాడు. అందుకని దానికి తెలుగులో లేబుల్ పెట్టాలి, ఈ గడిని ఖాళీగా వదిలేయండి అని. ట్యాబ్ కొట్టినప్పుడు దాని మీదికి పోకుండా చూడాలి. ఇక పేరు. చాలా పాఠాల్లో ఆ గడికి వెబ్‌సైట్ అనో, ఫోన్ అనో పేరు పెట్టమంటారు, బాట్‌కి ఆశ పుట్టేలా. బ్రౌజర్‌కి కూడా ఆశ పుడుతుంది. వివరాలు గుర్తుపెట్టుకుని తనంతట తనే నింపే అలవాటు దానికుంది, నింపవద్దని ఆటోకంప్లీట్ ఆపి రాసినా క్రోమ్ ఒక్కోసారి లెక్కచేయదు. అప్పుడు నికార్సైన మనిషి ఉత్తరం బాట్ ఖాతాలో పడుతుంది. మా గడికి ఏ బ్రౌజరూ ఎరగని, మాస్టారు మాత్రమే పెట్టగలిగిన ఒక వ్యాకరణ పదం పేరుగా ఉంది. అదేమిటో ఇక్కడ రాయను.

ఆ గడి నిండి వచ్చినప్పుడు తప్పు అని ఎర్ర అక్షరాలు చూపించకూడదు. చూపిస్తే దాని యజమానికి ఏం సరిచేసుకోవాలో చెప్పినట్టే. ధన్యవాదాలు, మీ ఉత్తరం అందింది అనే పేజీ చూపించి, ఉత్తరాన్ని పక్కన పెట్టాలి. పారేయకూడదు, పక్కన పెట్టాలి. ఈ తేడా మీద నేను పట్టుబట్టాను.

రెండోది కాలం. మనిషి ఫారం తెరిచి, చదివి, పేరూ ఊరూ రాసేసరికి కొంత సమయం పడుతుంది. బాట్ లాగ్ చూస్తే తెరవడం, పంపడం రెండూ ఒకే సెకన్లో ఉంటాయి. జాంగోలో టైమ్‌స్టాంప్ సైనర్ అని ఒక పనిముట్టు ముందే ఉంది. ఫారం చూపించే క్షణాన్ని సైట్ సీక్రెట్ కీతో సంతకం చేసి, కనపడని గడిలో ముద్రగా పెడతాం. తిరిగి వచ్చినప్పుడు సంతకం చెడితే ఎవరో దిద్దారని తెలుస్తుంది, మూడు సెకన్ల లోపు వస్తే పక్కన పెడతాం. ఒకే ముద్రను నెలల తరబడి వాడుకునే బాట్లు కూడా ఉంటాయి కాబట్టి ముద్రకి గడువు ఉండాలి. ఆ గడువు ఎంత? పాఠాల్లో గంట అంటారు. మా కథకులు మధ్యాహ్నం భోజనం చేసి ఫారం తెరిచి, కథ సారాంశం రాస్తూ రాస్తూ కాసేపు నడుం వాల్చి, సాయంత్రం కాఫీ తాగాక సబ్మిట్ నొక్కుతారు. రోజంతా ఇచ్చాం. అప్పటికీ గడువు దాటితే, రాసిందంతా అలాగే ఉంచి ఫారం మళ్ళీ చూపించాలి. జాంగోకి ఆ సద్గుణం ఉంది, తప్పు దొరికిన ఫారాన్ని రాసినవాటితో సహా తిరిగి ఇస్తుంది. రాసినవాటితో సహా అంటే ఆ పాత ముద్రతో సహా. కొత్త ముద్ర వేయమని మనం విడిగా చెప్పకపోతే, పెద్దాయన ఎన్నిసార్లు నొక్కినా గడువు దాటిందనే జవాబే వస్తుంది. ఇలాంటి చిన్న గుంటల్లోనే మనుషులు పడేది.

ఒకే చోటి నుంచి గంటకి ఇన్నే ఫారాలు అనే హద్దు కూడా ఉంది. దాని గురించి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు, రెండు జాగ్రత్తలు తప్ప. జాంగో ముందు ఎన్‌జింక్స్ వెబ్‌సర్వర్ నిలబడి ఉన్నప్పుడు, ఐపీ అడ్రస్ ఎక్కణ్ణుంచి తీసుకోవాలో చూసుకోకపోతే అందరూ సర్వర్ సొంత చిరునామా నుంచే వచ్చినట్టు కనపడతారు, ఒక్క బాట్ అల్లరికి ఊరంతా ఆగిపోతుంది. ఇంకోటి, మొబైల్ కంపెనీలు వేలమందిని ఒకే ఐపీ వెనక ఉంచుతాయి. పోటీ ఆఖరి రోజున ఒకే ఐపీ నుంచి పది కథలు వస్తే అది దాడి అనుకోకూడదు, మన రచయితల సమయపాలన అనుకోవాలి.

చివరిది ఉత్తరంలో ఏముందో చూడటం. రెండుకి మించి లింకులుంటే పక్కకి. ఒక్క తెలుగు అక్షరం కూడా లేకపోతే పక్కకి. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలన్నీ ఒకే వరసలో ఉంటాయి కాబట్టి ఇది రెండు లైన్ల కోడ్. ఇక్కడే పారేయడానికీ పక్కన పెట్టడానికీ ఉన్న తేడా తెలిసొస్తుంది. సగం లోకం తెలుగుని ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తోంది. మాస్టారికి అది చూస్తే ఒళ్ళు మంట, అయినా పక్కన పెట్టినవన్నీ రోజూ ఉదయం ఒకసారి చూడటానికి ఒప్పుకున్నారు. జాంగో అడ్మిన్‌లో దానికో జాబితా, పక్కన రెండు బటన్లు. డాలస్ నుంచి ఒకమ్మాయి తన తాతగారి కథ మీ పాత సంచికలో ఉందట, దొరుకుతుందా అని ఇంగ్లిషు అక్షరాల తెలుగులో అడిగింది ఆ జాబితాలోనే కనపడింది. ఆ సంచిక వెతికి, స్కాన్ చేయించి పంపారు. అక్షరాల సంగతి మాత్రం జవాబులో సుతారంగా ప్రస్తావించకుండా ఉండలేకపోయారు.

ఇదంతా మా బోటి చిన్న సంస్థకి. ప్రతి ఫారంకీ ఇదే చాలని నేననను. నంబరు రాయగానే ఓటీపీ పంపే ఫారం ఉందనుకోండి, అక్కడ బాట్ నొక్కిన ప్రతిసారీ ఎస్ఎంఎస్ ఖర్చు మనది, అర్ధరాత్రి ఎడతెగకుండా మోగేది సంబంధం లేని ఎవరిదో ఫోను. అక్కడ క్యాప్చా పెట్టమంటే మారుమాట్లాడకుండా పెడతాను. క్లౌడ్‌ఫ్లేర్ 2022లో తెచ్చిన టర్న్‌స్టైల్ లాంటిదైతే బొమ్మలు ఏరే బాధ కూడా లేదు.

రైలు టికెట్ల సంగతి ఇంకా వేరు. ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి తత్కాల్ తెరుచుకున్నప్పుడు వచ్చే బాట్లు చెత్త పోయడానికి రావు. మనకి కావాల్సిందే వాటికీ కావాలి, మనకన్నా ముందు కావాలి. వాటి వెనక ఏజెంటు, ఏజెంటు వెనక నిజంగానే విశాఖ పోవాల్సిన మనిషి ఉంటారు. ఆ మనిషి మనిషి కాడని ఎలా అంటాం? 2.5 కోట్ల అనుమానాస్పద యూజర్ ఐడీలను ఆపేశామని 2025లో రైల్వే ప్రకటించింది. ఆ జులై 1 నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కి ఆధార్ తప్పనిసరి చేసింది. రైలు వరకూ అది సబబే అనుకుంటాను, ఎలాగూ బోగీలో టీటీఈ గుర్తింపు కార్డు అడుగుతాడు. నా బెంగ మిగతా లోకం గురించి. మనిషివేనా అనే ప్రశ్నకి జవాబు తేలనప్పుడు, అడిగేవాళ్ళకి చేతికందే తర్వాతి ప్రశ్న నువ్వెవరు అని. ఫోన్ నంబరు ఇవ్వు, ముఖం చూపించు, ఆధార్ కలుపు. క్యాప్చా విఫలమైన ప్రతిచోటా ఇదే రావడం మొదలైతే, పేరు చెప్పకుండా ఒక మాట రాసి వెళ్ళే చోటు వెబ్‌లో మిగలదు.

కమిటీలో ఒకరు ఆ సూచన చేయనే చేశారు, కథ పంపేవాళ్ళందరికీ ఓటీపీ పెడదామని. మాస్టారు ఒప్పుకోలేదు. తెలుగు కథకి మారుపేర్లు కొత్తా అన్నారు. బీనాదేవి పేరు చూసి ఎవరో స్త్రీ అనుకుని చదివినవాళ్ళున్నారు, అది భార్యాభర్తలిద్దరి కలంపేరు. ఆఫీసులో పైవాళ్ళకి తెలియకూడదని, అత్తింట్లో తెలియకూడదని పేరు మార్చి రాసినవాళ్ళు ఎంతమందో. హామీపత్రంలో అసలు పేరు ఎలాగూ అడుగుతాం, అది మా బీరువాలో ఉంటుంది. గుమ్మంలోనే ఫోన్ నంబరు అడిగితే కొందరు అటునుంచి అటే పోతారు, అలా పోయేవాళ్ళ దగ్గరే ఒక్కోసారి మంచి కథ ఉంటుంది అన్నారు. ఆ సూచన అక్కడితో ఆగిపోయింది.

ఈమధ్య పక్కన పెట్టిన జాబితాలోకి ఒక ఉత్తరం వచ్చింది. తెరిచిన సెకన్లోనే పంపారు, కనపడని గడి నిండి ఉంది, అయితే ఉత్తరం తెలుగులో ఉంది. మామూలు తెలుగు కాదు. సంస్థ సాహిత్య సేవని పొగుడుతూ, తెలుగు కథ నడిచిన దారిని రెండు పేరాల్లో నెమరేసుకుంటూ సాగి, చివర్లో మాడ్యులర్ కిచెన్లు చేసే కంపెనీ లింకు దగ్గర ఆగింది. ఈ రోజుల్లో బాట్ల చేత ఇలా రాయించడం ఎవరికైనా చిటికెలో పని. మాస్టారు దాన్ని రెండుసార్లు చదివారు. ఒక్క సంధి తప్పలేదమ్మా, మనకొచ్చే కథల్లో సగానికి ఈ శుభ్రత ఉండదు అన్నారు. కింద లింకు తీసేసి, దీన్ని వార్షిక సంచికలో పాఠకుల లేఖల్లో వేసుకోవచ్చా అని అడిగారు. పేరు గడిలో కూడా ఆ లింకే ఉంది, ఎవరి పేరున వేస్తారు మాస్టారూ అన్నాను.

"మారుపేరు అనుకుందాంలే" అన్నారు.